జడ్చర్ల దాటిన తర్వాత

అశోక్ నగర్, హైదరాబాదు,
18 జనవరి 2013

కరుణాకర్‌కు,

ఫోన్లు చేయడం మానెయ్. ఎత్తను. నీ నంబరు కనబడగానే పక్క మంచం వాడికిచ్చి "లేడని చెప్పు" అనడం నాకే సిగ్గుగా ఉంది. చెప్పేదేమైనా ఉంటే రాయి. ఈసారి యాత్రలో ఏ తారీకున ఏ ఊళ్లో ఎవరింట్లో దిగుతావో కరపత్రంలో అచ్చు వేయించావు కాబట్టి నీకు ఉత్తరం రాయడం కష్టం కాదు. ఇది నెల్లూరులో అందుతుంది.

ఆ కరపత్రం గురించే రాస్తున్నాను. నిన్న పొద్దున హాస్టల్ కింద చాయ్ తాగి చిల్లర ఇస్తే చాయ్ బండి పెద్దులన్న తీసుకోలేదు.

"వద్దు తమ్మీ. నీ దగ్గర పైసలు తీస్కుంటే నాకు మంచిగనిపియ్యది."

"ఏందన్నా కొత్తగ?"

బండికి అంటించిన కాగితం చూపించాడు. అందులో నేను. ఆస్పత్రి మంచం మీద, మోకాలి కింద దుప్పటి చదునుగా ఉన్నది బాగా కనబడేలా తీసిన ఫొటో. ఎవరు తీశారో కూడా నాకు తెలియదు. పైన "పొగలేని బాట, మూడు వేల కిలోమీటర్ల సైకిల్ యాత్ర" అని ఉంది. కింద, కాళ్లు కోల్పోయినవారికి కృత్రిమ కాళ్లు పెట్టించడానికి విరాళాలు ఇవ్వమని. ఇంకా కింద నీ గురించి: "నెత్తుటి మడుగులో పడి ఉన్న మిత్రుణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఈ యాత్ర పూర్తి చేస్తానని మాటిచ్చిన యువకుడు."

ఎవరి ఒళ్లో, కరుణాకర్?

పోయిన జనవరిలో మొదటిసారి మనిద్దరం నారాయణగూడలో మీ ఇంటి ముందు బయలుదేరి, రెండో రోజు జడ్చర్ల దాటాక లారీ నన్ను గుద్దినప్పుడు నువ్వు నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్నావు. నా తల ఒళ్లో పెట్టుకున్నది ఈదమ్మ అనే గొర్లు కాసుకునే ముసలామె. నీళ్లు తాగించింది ఆమె. నాతోపాటు ట్రాక్టరెక్కి ఆస్పత్రిదాకా వచ్చింది ఆమె. నువ్వు వచ్చేసరికి నాకు స్పృహ లేదు. నువ్వు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి ఉంటే ఆమె కంటే ముందే వచ్చేవాడివి.

నా ఫొటో తీసేయించు. ఆ ఒడి సంగతి ఇంకెక్కడా చెప్పకు.

ప్రేమ్‌సాగర్


నెల్లూరు,
27 జనవరి 2013

ప్రేమ్,

నీ ఉత్తరం ఇక్కడ నాకంటే రెండు రోజులు ముందే వచ్చి కూర్చుంది. ఇంటివాళ్ల ముందు చదివాను. ముఖం దాచుకోవడానికి చోటు లేకపోయింది.

ఒడి అన్న మాట నేను రాయలేదు. రాఘవేందర్ గారు రాశారు. చిక్కడపల్లిలో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, మా యాత్రా సంఘానికి అధ్యక్షుడు. ఆస్పత్రికి రెండుసార్లు వచ్చారు, నీకూ తెలుసు. ఫొటో కూడా ఆయనదే. అచ్చుకు వెళ్లే ముందు నాకు చూపించారు. కొట్టేయలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క మాట చదివి జనం ఆగుతున్నారు. ఇప్పటిదాకా నలుగురికి కాళ్లు వచ్చాయి. మనుషులు లేచి నిలబడుతున్నారు ప్రేమ్. నీ గౌరవానికి దెబ్బ తగిలిందని వాళ్లను మళ్లీ కూర్చోబెట్టమంటావా?

వెనక్కి చూడలేదంటావు. రెండు గంటలు ధాబా దగ్గర నీకోసం కూర్చున్నాను. పంచరైందేమో, వస్తావులే అనుకున్నాను. నీకు తెలియనిది, నేను ఎవరికీ చెప్పుకోనిది ఒకటి ఉంది: ఆ రెండు గంటలూ నేను హాయిగా ఉన్నాను. కాళ్లు చాపుకుని ఉల్లిగడ్డ పకోడీలు తిన్నాను. ఇక ఎంత తిడతావో తిట్టు.

నీకు మాత్రం ఏడాదిగా తిట్టడం తప్ప వేరే పని ఉందా? సంఘం నీకు కాలు పెట్టిస్తానంటే కొలత కూడా ఇవ్వలేదు. ఆస్పత్రిలో నేను తెచ్చిన బత్తాయిలు నర్సుకు ఇచ్చేశావు. నేను రోజుకు ఎనభై కిలోమీటర్లు తొక్కుతున్నాను, ఎదురుగాలిలో. కూర్చునే చోట చర్మం ఊడిపోయింది. బడిపిల్లలకు పొగ గురించి, ప్లాస్టిక్ గురించి చెప్తుంటే గొంతు పోయింది. నువ్వు మూడో అంతస్తులో కూర్చుని నాకు నీతులు చెప్పు.

కరుణాకర్


అశోక్ నగర్,
4 ఫిబ్రవరి 2013

కరుణాకర్‌కు,

మదురై చిరునామాకు రాస్తున్నాను.

నీ రాఘవేందర్ గారు మొన్న వచ్చారు. మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ నా మంచం మీదే కూర్చున్నారు. గదిలో మిగతా ముగ్గురూ పుస్తకాలు మూసి వినడం మొదలుపెట్టారు.

"బాబూ, యాత్ర ముగింపు సభలో నువ్వు వేదికెక్కాలి. జనం ముందు కొత్త కాలు తొడుక్కుని నాలుగడుగులు వేస్తే చాలు. చప్పట్లు ఆగవు, చూడు."

"తొడుక్కోకముందు ఎట్ల నడుస్తనో అది గూడ చూపియ్యాల్నా సార్?"

"నీ కోపం నాకు అర్థమైతది. కానీ కోపంతోని నీకే నష్టం."

"నష్టం అయ్యేదేదో అయ్యింది. మెట్లు జర చూసుకుని దిగుర్రి సార్."

వాళ్లిచ్చే కాలు నేనెందుకు తొడుక్కోలేదో ఇప్పుడైనా తెలిసిందా? కాలుతోపాటు కథ కూడా తొడుక్కోవాలి.

ఇంకో మాట. పేపర్లో నీ ఫొటో చూశాను. నువ్వు సైకిల్ మీద, నీ వెనక బ్యానరు కట్టిన జీపు, దాని మీద మైకు. పొగ వద్దని ఊరూరా చెప్పేవాడి వెనక డీజిల్ జీపు మూడు వేల కిలోమీటర్లు తిరుగుతోంది. ఆ పొగ నీ బడిపిల్లలకు కనబడలేదా, లేక దాన్ని కూడా ఎవరైనా ఒళ్లో దాచుకున్నారా?

నేను మూడో అంతస్తులో కూర్చున్నానని రాశావు. నీకు నారాయణగూడలో మీ నాన్న దుకాణాల కిరాయి వస్తుంది. నీకు చదువు ఒక ఆట, సైకిల్ ఇంకో ఆట. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్క కుర్చీలో కూర్చుని చదివినంత మాత్రాన మనిద్దరి పరీక్ష ఒకటే అనుకున్నావు. మా అమ్మ సమ్మక్క సిద్దిపేట పక్కన బీడీలు చుట్టి నాకు కిరాయి పంపేది. ఆమెకు నేను సైకిల్ ఎక్కిన సంగతే తెలియదు. లైబ్రరీలో ఉన్నాననుకుంది. ఆస్పత్రి వరండాలో ఆమె నన్ను అడిగిన మొదటి మాట: "సైకిల్ ఎందుకెక్కినవ్ బిడ్డా, బస్సుకు పైసలు లెవ్వా?"

నీ దగ్గర ఆమెకు చెప్పే జవాబుందా?

ఫొటో తీయకపోతే పేపరుకు రాస్తాను. బెదిరింపు కాదు.

ప్రేమ్‌సాగర్


నాగర్‌కోయిల్,
20 ఫిబ్రవరి 2013

ప్రేమ్,

పేపరుకు రాయి. రాసేటప్పుడు ఇది కూడా చేర్చు.

నిన్న ఇక్కడ ఒక కాలేజీలో సభ. నా మాటలు ఒక మాస్టారు తమిళంలోకి చెప్తున్నారు. అంతా అయ్యాక ముందు వరసలో ఒకమ్మాయి లేచి అడిగింది: మీ ఒళ్లో ఉన్నప్పుడు మీ మిత్రుడు ఏమన్నాడు?

ఆరు వందల మంది నా ముఖమే చూస్తున్నారు. ఏమీ అనలేదని చెప్పొచ్చు. నేను అక్కడ లేనని చెప్పొచ్చు. నేను చెప్పింది ఇది: "యాత్ర ఆపొద్దు అన్నాడు."

ఆ పిల్ల ఏడ్చింది. విరాళాల డబ్బా రెండుసార్లు నిండింది. నేను సభలోంచి బయటికొచ్చి చేతులు కడుక్కున్నాను, ఎందుకో తెలియదు.

నీకు ఇది రాయకపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. అయినా రాశాను. క్షమించమని మాత్రం కాదు. నువ్వు నన్ను ఎలాంటివాడినని తిడుతున్నావో అలాంటివాడినే అయ్యాను, సంతోషించు. రేపు కన్యాకుమారి. అక్కడి నుంచి బెంగళూరు, కర్నూలు మీదుగా వెనక్కి.

జీపు గురించి నువ్వన్నది నిజమే.

కరుణాకర్


(పోస్టు కార్డు)
అశోక్ నగర్,
25 ఫిబ్రవరి 2013

నేనన్నది ఒకటే మాట. నీళ్లు.

దాని బదులు నీ మాట నా నోట్లో పెట్టావు. చచ్చినవాడి నోట్లో పెట్టినట్టు. నేను ఇంకా బతికే ఉన్నానని నీకు గుర్తు చేయడానికి ఈ కార్డు. బెంగళూరులో ఎవరైనా చదివితే చదవనీ.

ప్రేమ్‌సాగర్


మహబూబ్‌నగర్,
20 మార్చి 2013

ప్రేమ్‌సాగర్,

నీ కార్డు చదివాక నాకు ఒకటే తోచింది. జడ్చర్ల దగ్గర ఆగి ఈదమ్మను వెతకాలి, ఆమె కాళ్లు పట్టుకోవాలి, ఆ కరపత్రంలో ఆమె పేరు వేయించాలి. జీపును ముందు పంపించేసి ఒక్కణ్ణే వెళ్లాను. రోడ్డు పక్క హోటల్లో అడిగితే చూపించారు. గొర్లను వేపచెట్టు నీడకు తోలి కూర్చుని ఉంది.

నేనెవరో చెప్పాను. ఆ పిలగాడి దోస్తును అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ముందుకు పోయిన పిలగానివి నువ్వేనా?"

"అవునమ్మా. నేను వెనక్కి చూడలేదు. వాడు నా వెనకాల వస్తున్నడనుకున్న."

"నీ యెనక యాడ వచ్చిండు బిడ్డా? పట్నం దిక్కు పోతుండె."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. ఆమె కర్రతో రోడ్డు చూపించి చెప్పింది.

"గిటు మొకాన వచ్చిండు, లారీలకు ఎదురుంగ. గడ్డిబండి ఆగి ఉండె. లారీ బండిని తప్పిచ్చుకుని వచ్చేసరికి ఈ పిలగాడు ఎదురొచ్చిండు. ఆ డ్రైవర్ కురుమయ్య తప్పేం లేదు. పారిపోలే గూడ. ట్రాక్టర్ ఆపిందే ఆయన, నేను గాదు. ఎత్తింది గూడ ఆయనే. అయినా జైల్ల ఏసిండ్రు. ఆయన పెండ్లాం నాలుగుసార్లు వచ్చి ఏడ్చింది, జర సాక్షం చెప్పమ్మా అని. పోలీసులు నన్ను అడగనే లేదు బిడ్డా."

ఆమె కాళ్లకు మొక్కి వచ్చేశాను.

ఏడాదిగా నేను వెనక్కి చూస్తూ సైకిల్ తొక్కుతున్నాను. నీకు తెలుసా? ఎవరూ లేరని తెలిసీ, ప్రతి అరగంటకూ. తమిళనాడులో అలా చూసే ఒకసారి కాలువలో పడ్డాను. మెడ పట్టేసి రాత్రిళ్లు తిరగడం లేదు. నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలో అదే గుచ్చావు. నువ్వు నా వెనక లేనే లేవు! నన్ను వదిలేసి ఇంటికి పోతున్నావు.

నేను ఒక ఒడి కల్పించాను. నువ్వు ఒక మనిషిని జైలుకు పంపావు. మనిద్దరిలో పేపరుకు ఎక్కాల్సింది ఎవరు?

ఇక్కడి నుంచి రాయచూరు, గుల్బర్గా, బీదర్ చుట్టి హైదరాబాదు వస్తాను. జవాబు గుల్బర్గాకు రాయి. రాయకపోయినా సరే.

కరుణాకర్


అశోక్ నగర్,
25 మార్చి 2013

కరుణాకర్,

మూడు రోజులు రాసి చించేశాను. ఇది నాలుగోది.

ఈదమ్మ చెప్పింది నిజం.

వీఆర్వో పరీక్ష హాల్ టికెట్ ఆ రోజు నా చొక్కా జేబులో ఉంది. ఇంకా పన్నెండు రోజులే. కన్యాకుమారి నుంచి అప్పటికి తిరిగి రాలేం. బయలుదేరే ముందే నీకు చెప్పాల్సింది. మీ ఇంటి ముందు దండలు వేస్తుంటే, మీ నాన్న నన్ను కూడా కొడుకా అని పిలుస్తుంటే చెప్పలేకపోయాను. షాద్‌నగర్‌లో పడుకున్నప్పుడు చెబుదామనుకున్నాను. నువ్వు మ్యాపు పరుచుకుని ఊర్ల పేర్లు చదువుతున్నావు. మరునాడు ఎత్తుమీద నువ్వు ముందుకు పోయావు. నువ్వు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. నువ్వు వెనక్కి చూడకూడదని కోరుకున్నాను. అంతే, సైకిల్ తిప్పేశాను.

డివైడరు తెగిన చోటు మూడు కిలోమీటర్ల వెనక ఉంది. అంతదాకా రాంగు సైడులోనే తొక్కుదామనుకున్నాను. మిగిలింది నీకు తెలుసు.

కానిస్టేబుల్ ఆస్పత్రికి వచ్చి, "సీదా నీ సైడులనే పోతున్నవ్ గదా?" అని ఆయనే అడిగి ఆయనే రాసుకున్నాడు. నేను అవునన్నాను. అప్పుడు ఆ ఒక్క మాటతో సరిపోతుందనిపించింది. కాదంటే నువ్వు వింటావు, అమ్మ వింటుంది, వెనక్కి ఎందుకు పోతున్నావని అందరూ అడుగుతారు. తర్వాత వకీలు వచ్చి లారీ మీద నష్టపరిహారం కేసు వేశాడు. ఆ అవును మీదే అదంతా నిలబడింది. కురుమయ్య మూడు వారాలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. లైసెన్సు తీసుకున్నారు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. నన్ను ఎత్తింది ఆయనేనని కూడా తెలుసు. నీకు రాసిన ఉత్తరంలో ఆయన్ని తీసేశాను.

నిన్ను తిడుతున్నంతసేపూ ఆయన గుర్తుకు రాలేదు. అందుకే అంత గట్టిగా తిట్టాను.

ఏప్రిల్ ఎనిమిదిన కోర్టులో నా సాక్ష్యం. సమన్లు జనవరిలోనే వచ్చాయి, నీ కరపత్రం చూసిన వారమే. ఏం చేయాలో తెలియడం లేదు. నిజం చెప్తే పరిహారం పోతుంది. అమ్మకు అందులోంచే ఇల్లు కప్పిస్తానని చెప్పాను.

నీ మీద కోపం పోయిందనుకోకు. ఒడి ఒడే. ఆ మాట నేను మరచిపోను.

ప్రేమ్‌సాగర్


గుల్బర్గా,
1 ఏప్రిల్ 2013

ప్రేమ్,

నీ ఉత్తరం వచ్చేలోపే నేను ఒక పని చేశాను. నువ్వు రాసినందుకు చేశాననుకోకు.

రాయచూరులో సభ. తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఒడి కథ దగ్గరికి వచ్చాను. "అది అబద్ధం" అన్నాను. "నేను అక్కడ లేను. ధాబాలో పకోడీలు తింటున్నాను. ఒళ్లో పెట్టుకున్నది ఈదమ్మ. ఎత్తింది లారీ డ్రైవరు." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చి డబ్బాలో వేసిన నోటు తిరిగి ఇచ్చేయమన్నాడు. డబ్బా తెరిచి ఇచ్చాను. ఇంకో ఇద్దరు అడిగారు. వాళ్లకూ ఇచ్చాను.

జీపు డ్రైవరు వెంటనే చిక్కడపల్లికి ఫోన్ చేశాడు. రాఘవేందర్ గారు లైన్లోకి వచ్చారు.

"సభలో ఎవడైనా గట్ల మాట్లాడుతడా? ఇంకా ఆరుగురు కాళ్ల కోసం ఎదురుచూస్తున్నరు. వాళ్లకు ఏం చెప్పాలె?"

"నాకు తెల్వదు సార్."

"మరి నోరెందుకు తెరిచినవ్?"

జీపును వెనక్కి పిలిపించారు. సంఘంలోంచి నన్ను తీసేశారు. బట్టలు క్యారియరుకు కట్టుకుని ఒక్కణ్ణే వస్తున్నాను. రోడ్డు మీద ఇప్పుడు నా పేరు ఎవరికీ తెలియదు. ఆ ఆరుగురి కోసం దారిలో నేరుగా అడుగుతున్నాను, కథ చెప్పకుండా. కొందరు ఇస్తున్నారు. తక్కువ మంది.

నువ్వు రాంగు సైడులో వచ్చావన్నది మాత్రం సభలో చెప్పలేదు. నీ మీద జాలితో కాదు. అది నువ్వే చెప్పాలి. నువ్వు చెప్పకపోతే ఈదమ్మను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నేనే కోర్టుకు తీసుకెళ్తాను. పరిహారం పోతుందని రాశావు. పోనీ. మీ అమ్మకు ఏం చెప్పాలో నాకు తెలియదు. నాకు తెలిసినట్టు రాయడం ఇక ఇష్టం లేదు.

ఒకటి అడుగుతాను. షాద్‌నగర్‌లో ఆ పూట నువ్వు చెప్పి ఉంటే నేను కోప్పడేవాణ్ణి. తిట్టేవాణ్ణి కూడా. తర్వాత నిన్ను బస్సెక్కించేవాణ్ణి. నేను అంతపాటి మనిషిని కూడా కాననుకున్నావా?

బీదర్‌లో పదమూడున ఉంటాను. ఏం జరిగిందో రాయి.

కరుణాకర్


అశోక్ నగర్,
9 ఏప్రిల్ 2013

కరుణాకర్,

నిన్న జడ్చర్ల వెళ్లి వచ్చాను. ఒక్కణ్ణే, బస్సులో, కర్రలతో.

బోనులో నిలబడి చెప్పాను. రాంగు సైడులో ఎదురు వెళ్లింది నేనని, డ్రైవరు బండి ఆపి నన్ను ఎత్తాడని. సర్కారు వకీలు కాగితాలు బల్లమీద పడేసి, సాక్షి ఎదురు తిరిగాడని రాయించాడు. జడ్జి గారు కళ్లద్దాలు తీసి అడిగారు.

"మరి అప్పుడు పోలీసులకు అట్ల ఎందుకు చెప్పినవ్?"

"భయపడ్డ సార్."

"ఎవరికి?"

నీ పేరు నోటిదాకా వచ్చింది. అది కూడా అబద్ధమే అయ్యేది. "నేను యాత్ర వదిలేసి పోతున్నట్టు అందరికీ తెలుస్తదని" అన్నాను. ఆయన రాసుకోమని గుమాస్తాకు చెప్పారు. కేసు నిలబడదని బయట అందరూ అన్నారు. నా వకీలు నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అమ్మకు ఫోన్లో చెప్పాను. "మంచిగ తిన్నవా?" అని అడిగి పెట్టేసింది. ఇల్లు సంగతి నేనూ ఎత్తలేదు.

బస్టాపులో నీడ ఒక్క బెంచీ మీదే ఉంది. కురుమయ్య వచ్చి దాని రెండో చివర కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడట. నా వైపు చూడకుండా అడిగాడు.

"వాపస్ ఎందుకు తిరిగినవ్?"

"పరీక్ష ఉండె అన్నా."

"రాసినవా?"

"లేదు. ఆస్పత్రిల ఉన్న."

మాఫ్ చెయ్యమని నేను అన్నాను. విన్నాడో లేదో తెలియదు. హైదరాబాదు బస్సు వచ్చింది. ఆయన షాద్‌నగర్ పోవాలి, అదే బస్సు. నేను కర్రలు పట్టుకుని ఎక్కలేక తిప్పలు పడుతుంటే లేచి వచ్చి చంకల కింద చేతులు వేసి పైకెత్తాడు. ఆ చేతులు నాకు వెంటనే గుర్తొచ్చాయి. నన్ను సీట్లో కూర్చోబెట్టి దిగిపోయాడు.

"నువ్వు రావా అన్నా?" అన్నాను.

"నేను తర్వాత బస్సుకు వస్త" అన్నాడు. తర్వాతి బస్సు గంటకు గానీ లేదు. నేనున్న బస్సులో రావడం ఇష్టం లేక మళ్లీ ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

ఇదంతా చూశాక నీ మీద కోపం తగ్గిందని రాద్దామనుకున్నాను. తగ్గలేదు. నువ్వు నన్ను ఆరు వందల మందికి చూపించి వాళ్లను ఏడిపించావు. నేను నిన్ను నడిరోడ్డు మీద వదిలేసి, ఏడాదిపాటు నువ్వే వదిలేశావని నమ్మించాను. రెండూ జరిగినవే. కొట్టేయడానికి కుదరదు.

నువ్వు అడిగినదానికి జవాబు: అవును, అంతపాటి మనిషివి కావనుకున్నాను. బస్సెక్కిస్తావని అనుకోలేదు. అది నా తప్పు.

ఇరవై ఒకటి ఆదివారం. మధ్యాహ్నం గదిలో ఎవరూ ఉండరు. వస్తే రా. మాట్లాడుకుందామని పిలవడం లేదు. నాకు ఇంకా తిట్టాల్సింది ఉంది, నీకూ ఉండే ఉంటుంది. కాగితం మీద చాలడం లేదు.

ప్రేమ్